విశాఖ పాతపట్టణము: రేవు ఒడ్డున ఒక సంఘము

మన డయోసీసు నూరు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున దేవునికి స్తోత్రములు చెల్లించుచు, విశాఖపట్టణపు పాతపట్టణమును గూర్చి వ్రాయుమని సంచిక సంపాదకవర్గమువారు కోరగా సంతోషముతో అంగీకరించితిమి. పాతపట్టణమనగా నేడందరు వన్‌టౌన్ అని పిలుచునదే. కోటవీధి, సోల్జర్‌పేట, బురుజుపేట, వెలంపేట, కురుపాం మార్కెట్టు, చెంగలరావుపేట. ఒక ప్రక్క సముద్రము, మరియొక ప్రక్క హార్బరు కాలువ, ఆవలి ఒడ్డున డాల్ఫిన్స్ నోస్ కొండ. మన డయోసీసు వయస్సు నూరేండ్లయిన, ఆంగ్లేయుల వర్తకశాల నాటినుండి లెక్కించినను ఈ పేట వయస్సు అందుకు మూడింతలకు మించినది. కాబట్టి ఇంటి పెద్దను పలుకరించినట్లు దీనిని పలుకరించుట మర్యాద.

ఇటువంటి సంచికలలో చరిత్ర ఎట్లు వ్రాయుదురో మన సంఘస్థులకు తెలియును. ఫలాన సంవత్సరమున ఫలాన దొరగారు వచ్చిరి, బడి కట్టిరి, గుడి కట్టిరి, నిద్రించిరి. అవి వ్రాయవలసినవే, మేమును వ్రాయుదుము. అయితే మిషను చరిత్రలన్నియు ఓడ దిగినవారితో మొదలగుచున్నవి గాని, వారిని ఓడనుండి దింపి అలలమీదుగా ఒడ్డుకు చేర్చినవారితో మొదలైన చరిత్ర ఒక్కటియు మా కంటబడలేదు. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయము వ్రాసిన లూకా ఇట్లు చేయలేదు. ఓడ పగిలి పౌలు మెలితే ద్వీపము చేరినప్పుడు, వానకు చలికి వణకుచున్నవారికొరకు నిప్పు రాజబెట్టిన ద్వీపవాసుల దయను అతడు మరువక వ్రాసెను. మన రేవు ఒడ్డునను అట్టివారుండిరి.

1933 కు ముందు విశాఖకు ఓడలు వచ్చి ఆగు రేవుకట్ట లేదు. ఇప్పటి హార్బరున్నచోట ఉప్పుటేరు, దాని చుట్టు చిత్తడినేల, దాని ముఖమున ఇసుకమేట. ఓడలు సముద్రములోనే లంగరు వేసికొని నిలిచెడివి. ఓడకు ఒడ్డుకు నడుమ అలలు విరుగు చోటును దాటుట దొరల పడవలవలన కాకపోయెడిది. మేకులు కొట్టి బిగించిన పడవ ఆ దెబ్బకు చీలిపోవును. అందువలన మన జాలరులు, వాడబలిజలు మసులా పడవలు నడిపిరి. ఆ పడవలో మేకు ఉండదు. పలకలకు రంధ్రములు పొడిచి కొబ్బరి పీచు తాడుతో కుట్టెదరు. అల కొట్టినప్పుడు పడవ వంగి మరల సర్దుకొనును. నీరు లోనికి వచ్చుచునే యుండును గనుక ఒకడు తోడుచునే యుండవలెను. వెనుక నిలిచి పొడవైన తెడ్డుతో దారి చూపువాడు ఏ అలను పోనివ్వవలెనో, ఏ అల వీపున ఎక్కవలెనో కనిపెట్టును. అతని అంచనా తప్పినచో పడవ బోల్తా పడును. బట్టల మూటలు, బియ్యపు బస్తాలు, గవర్నరులు, సిపాయిలు, మిషనెరీలు, పుస్తకముల పెట్టెలు, ఓడలో వచ్చినదేదైనను ఈ కుట్టుపడవలోనే ఒడ్డుకు రావలసియుండెను.

ఈ తీరపు కథ బహు ప్రాచీనము. విశాఖేశ్వరుని ఆలయము ఒకటి ఇచ్చట ఉండెననియు, సముద్రము దానిని మ్రింగివేసెననియు ఐతిహ్యము. చోళుల కాలపు శాసనములలో ఈ ఊరికి కులోత్తుంగచోళపట్టణమను పేరుకూడ కనబడుచున్నది. 1682-83 ప్రాంతమున ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీవారు వర్తకశాల తెరచిరి. 1689 లో మొగలాయి సైన్యము దానిని పట్టుకొనగా కొందరు ఆంగ్లేయులు హతులైరి. తరువాత వారు కోటను బలపరచుకొనిరి. కోటవీధి, బురుజుపేట అను పేర్లు ఆ కాలపు గుర్తులే. 1757 లో ఫ్రెంచి సేనాని బుస్సీ కోటను పట్టుకొనెను, మరుసటి సంవత్సరమే అది మరల చేతులు మారెను. రాజులు, కంపెనీలు మారినప్పుడెల్ల రేవువారికి మారినది బస్తాల మీది ముద్ర మాత్రమే.

ఒక సంగతి మాత్రము ఇంకను జ్ఞాపకముంచుకొనదగినది. 1780 అక్టోబరు 3 వ తేదీన ఈ ఒడ్డుననే కంపెనీ సిపాయిలు తిరుగబడిరి. హైదరాలీతో యుద్ధము చేయుటకు ఓడనెక్కి మదరాసు వెళ్ళుమని ఆజ్ఞ కాగా, వారు ఎక్కమనిరి. తుపాకులు పేలెను, దొరలు కొందరు చనిపోయిరి. 1857 కు డెబ్బదియేడేండ్ల ముందటి మాట ఇది. మన పిల్లల పాఠ్యపుస్తకములలో దీనికి ఇంకను ఎక్కువ చోటు దొరకవలెనని మా అభిప్రాయము.

1804 సెప్టెంబరు 15 న ఫ్రెంచి నౌకాధిపతి లినోయి తన మరెంగో ఓడతోను, మరి రెండింటితోను వచ్చి, ఇచ్చట లంగరు వేసియున్న సెంచూరియన్ అను ఆంగ్లేయ యుద్ధనౌకమీద పడెను. సెంచూరియన్ కాపాడవలసిన రెండు వర్తకపు ఓడలలో ఒకటి ఒడ్డున పడి బద్దలయ్యెను, రెండవది ఫ్రెంచివారికి చిక్కెను. ఆ తుపాకిమందు వాసన పోయి యేడాది కాకమునుపే, 1805 లో, లండన్ మిషన్ సొసైటీవారు పంపిన జార్జి క్రాన్, అగస్టస్ దేగ్రాంజ్ అను ఇద్దరు యువకులు ఈ పట్టణమునకు వచ్చిరి. తెలుగువారి మధ్య కాపురముండి పనిచేయుటకు వచ్చిన మొదటి ప్రొటెస్టంటు మిషనెరీలు వీరే.

వీరిని గూర్చి రెండు మాటలు ఉన్నదున్నట్లు చెప్పవలెను. మొదటిది, వారు కంపెనీ నీడలో ఉండిరి. కోటలోని దొరలకు ఆంగ్లములో ఆరాధన జరుపుచుండిరి. పట్టణములోని జనులకు సువార్తికుడెవడో, కంపెనీ మనిషి ఎవడో తేడా తెలియకపోయిన యెడల ఆ జనులను తప్పుపట్టుటకు వీలులేదు. రెండవది, వారు నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు. వచ్చిన వెంటనే తెలుగు పలకపట్టిరి. పండితులయొద్ద వ్యాకరణము నేర్చినను, బజారులో బేరమాడు భాషయు చెవిని పడుచునే యుండవలెను గదా! ఆనందరాయరు అను మహారాష్ట్ర బ్రాహ్మణుడు, అదివరకే దక్షిణమున క్రైస్తవుడైనవాడు, 1808 లో వచ్చి దేగ్రాంజ్‌కు తోడ్పడెను. మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో సిద్ధమయ్యెను. క్రాన్ 1809 లో శ్రీకాకుళములోను, దేగ్రాంజ్ 1810 లో విశాఖలోను చనిపోయిరి. వారి చేతిమీదుగా అయిన ఆ మూడు సువార్తలు 1812 లో శ్రీరామపురములో అచ్చయ్యెను. పుస్తకమును వారిద్దరిలో ఒక్కరును కన్నులార చూడలేదు.

వెనుక వచ్చిన ప్రిచెట్ దొర క్రొత్త నిబంధన ముగించెను. అది 1818 లో మదరాసున వెలువడెను. ఆ తరువాత గోర్డన్, వార్డ్లా, 1840 లో వచ్చి 1891 లో చనిపోవువరకు దీక్షతో బైబిలు సవరణ చేసిన జాన్ హే మొదలగువారు పని కొనసాగించిరి. మనము నేడు చేతపట్టుకొను తెలుగు బైబిలు వేరులు ఈ పేట వీధులలో నున్నవి. గుంటూరువారు, కడపవారు, దోర్నకలువారు తమ తమ మిషనులనుబట్టి గర్వపడుట న్యాయమే గాని, వారి బైబిలు మాటలకు మూలమైన పని ఈ సముద్రపు గాలిలో జరిగినదని జ్ఞాపకము చేయుట తప్పుకాదు.

ఇంత చేసినను, సుమారు ముప్పది సంవత్సరములు తెలుగువారిలో చెప్పుకొనదగిన సంఘము ఏర్పడలేదు. బడికి పిల్లలు వచ్చిరి, ఆంగ్లము నేర్చిరి, ఇంటికి పోయిరి. మన కాలమున ఆరు నెలలకు లెక్కలు అడుగు కమిటీవారు ఈ ముప్పది సంవత్సరములను తలంచుకొనుట మేలు. అటుపిమ్మట వచ్చినవారిలో పులిపాక జగన్నాథముగారు ముఖ్యులు. లండన్ మిషన్ పాఠశాలలో చదివి, క్రీస్తును అంగీకరించి, పాస్టరు అభిషేకము పొందిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచినవారికి ఆయన పేరు క్రొత్తది కాదు. దొర తెలుగు నేర్చి చెప్పిన సువార్త ఒకటి, తెలుగువాడు రాగము కట్టి పాడిన సువార్త ఒకటి. రెండవది జనుల నోట నిలిచినది.

ఈ పేటలో మనమొక్కరమే ఉన్నామని ఎన్నడును అనుకొనరాదు. కోటలోని దొరల కొరకు ఆంగ్లికను ఆరాధన సాగినది. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొరగారు 1840 లలో విశాఖలో నున్నప్పుడు ఇచ్చటి చర్చి నిర్మాణమును చూచిరనియు, సముద్రపు కోతనుండి ఒడ్డును కాపాడుటకు రాతికట్టలు వేయించిరనియు చెప్పుదురు. ఫ్రాన్సు దిక్కునుండి కతోలిక ఫాదరులు 1846 లో వచ్చిరి. మరుసటి సంవత్సరమే వారు స్థాపించిన సెయింట్ అలోషియస్ పాఠశాల ఈ పేటలో ఎన్ని తరముల పిల్లలకు అక్షరములు నేర్పినదో లెక్కలేదు. వారి విశాఖ డయోసీసు 1886 లో ఏర్పడెను. తరువాత కెనడియన్ బాప్టిస్టులు వచ్చిరి. ఒక్క వీధిలో మూడు విధముల బాప్తిస్మము, నాలుగు విధముల ప్రార్థన పుస్తకము! ఉన్నత పండితులు దీనిని సమస్యగా చూచిరి గాని, వెలంపేట గృహిణులు చూడలేదు. పెండ్లికి అందరు వచ్చిరి, చావుకు అందరు వచ్చిరి. 1947 సెప్టెంబరు 27 న మదరాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుటకు చాలముందే వీరికి ఐక్యత అలవాటు.

రేవునకు ఎదురుగా మూడు కొండలు వరుసగా నున్నవి. ఒకదానిపై మరియమాత గుడి. రాస్ దొర 1864 లో కట్టుకొన్న ఇంటివలన అది రాస్ హిల్ అని పేరుపొందినను, జనులకు అది కొండగుడియే. ఒకదానిపై ఇషాక్ మదనీ అవులియా దర్గా. మూడవదానిపై వేంకటేశ్వరుని కోవెల. ఓడ నడుపువారు లోనికి వచ్చునప్పుడు, బయటకు పోవునప్పుడు దర్గాకు జెండా దింపి ఎత్తి వందనము చేసెడివారనియు, ప్రయాణము సుఖముగా ముగిసిన హిందూ ఓడయజమానులు చిన్న వెండి ఓడలు చేయించి అచ్చట సమర్పించెడివారనియు పాత గెజెటీరు చెప్పుచున్నది. డిసెంబరు నెలలో వచ్చి చూచినవారికి ఈ పేట స్వభావము తెలియును. మార్గశిర గురువారములలో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తెల్లవారుజామునుండి క్యూ నిలుచును. ఆ అమ్మవారికి గోపురము లేదు, పైకప్పు లేదు, ఎవరైనను స్వయముగా పూజ చేసికొనవచ్చును. ఆ నెలలోనే 8 వ తేదీన కొండగుడి ఉత్సవము. ఆ వారములలోనే మనకు ఆగమన కాలపు ఆరాధనలు, ఇంటింటికి తిరుగు కేరల్సు. ఒకే టీ బడ్డీ ముందు మూడు గుంపులవారు నిలిచి గ్లాసు చేతపట్టుకొని చలి కాచుకొందురు. వేదాంత కళాశాలలో మేము మతాంతర సంభాషణమను పాఠము చదివితిమి. ఆ పాఠము ఈ టీ బడ్డీకంటె ఎక్కువ నేర్పినదని చెప్పలేము.

ఇక రేవు మనుష్యుల బ్రతుకు. ఉత్తరాంధ్రలో “రంగం పోయినాడు” అనుమాట పెద్దవారికందరికి తెలియును. రంగమనగా రంగూను. కాకినాడ, విశాఖ రేవులనుండి స్టీమర్లలో వేలకొలది బీదలు రంగూను పోయి, బియ్యపు మిల్లులలోను ఆ ఊరి రేవులోను బస్తాలు మోసిరి. కోరంగి రేవు పేరున అక్కడివారు వీరిని కోరంగీలు అనిరి. ఇక్కడ మేస్త్రీ ఇచ్చిన బయానా అక్కడ అప్పుగా మారెడిది. తెలుగువారు పోయినచోటికి తెలుగు కీర్తనలు పోయెను. రంగూనులోను తెలుగు క్రైస్తవ సంఘములు లేచెను. 1930 మే నెలలో అచ్చటి రేవులో తెలుగు కూలీలు సమ్మె చేయగా, వారి బదులు పెట్టిన బర్మా కూలీలను సమ్మె ముగిసినపిదప తీసివేయుటవలన కలహము పుట్టి, అది ఘోరమైన హత్యాకాండ అయ్యెను. పేదవాని కూడు పేదవానిచేత లాగించి, వారు కొట్టుకొనునప్పుడు ప్రక్కన నిలిచినవారి పాపము ఎవరి లెక్కలో వ్రాయబడెనో!

ఇంతలో విశాఖకు పోర్టు వచ్చెను. బెంగాల్ నాగపూరు రైల్వేవారి ఆధ్వర్యమున చిత్తడినేలను త్రవ్వి, కాలువ తీసి, త్రవ్విన మట్టితో పల్లమును మెరక చేసిరి. కాలువ ముఖమునకు ఇసుకయు అలలును రాకుండ రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా చేసిరి. 1933 అక్టోబరు 7 న సింధియా కంపెనీవారి జలదుర్గ లోనికి వచ్చెను. డిసెంబరు 19 న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు పోర్టును లాంఛనముగా ప్రారంభించెను. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజము ఇచ్చటినుండి ఎగుమతి అయ్యెను. ఊరు పెరిగెను. సందేహము లేదు. అయితే ఓడ గట్టునకు ఆనుకొని నిలిచిన తరువాత కుట్టుపడవతో పనియేమి? తరతరములుగా అలలను చదివినవారి చదువు కొద్ది సంవత్సరములలో పనికిరానిదయ్యెను. కొందరు వేటకే పరిమితమైరి, కొందరు పోర్టులో కలాసీలైరి. పోర్టు ప్రారంభపు ఫోటోలలో టోపీలు పెట్టుకొన్నవారే ఎక్కువమంది కనబడుదురు.

1942 లో ఏప్రిల్ 5 ఈస్టరు ఆదివారము. మరునాడు సోమవారము జపాను విమానములు విశాఖ పోర్టుమీద బాంబులు వేసెను. ప్రాణనష్టము కొద్దియే గాని భయము అంతులేనిది. ఎడ్లబండ్లు, రైళ్ళు, కాలినడక, ఏది దొరికిన అది పట్టుకొని జనులు పల్లెలకు పారిపోయిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలెను. పాతపట్టణము వీధులు బోసిపోయెను. విచిత్రమేమనగా, అదే నెలలలో ఎదురు దిక్కునుండి మరియొక జనప్రవాహము వచ్చుచుండెను. 1941 డిసెంబరులో రంగూనుమీద బాంబులు పడినందున, రంగం పోయినవారు అడవులు కొండలు నడచి, దారిలో బిడ్డలను పాతిపెట్టి, ఇంటికి తిరిగివచ్చిరి. ఇల్లు విడిచి పోవువాడును, ఇంటికి వచ్చువాడును ఒకే దారిలో ఎదురైరి. బర్మానుండి రెండవమారు రాక 1960 లలో జరిగెను. ఈసారి ఓడలలో వచ్చిరి. కంచరపాలెములోని బర్మా క్యాంపు పేరు వారివలన కలిగినదే. మన సంఘములలో ఇప్పటికిని బర్మా నూడిల్సు వండు ఇండ్లు కలవు. క్రిస్మసు విందులలో వానికి కొరత రానియ్యరు.

యుద్ధము పిమ్మటి సంగతులు త్వరగా చెప్పి ముగింతుము, అవి అందరికి తెలిసినవే. సింధియావారి షిప్‌యార్డులో కట్టిన జల ఉషను 1948 మార్చి 14 న నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. చమురు శుద్ధి కర్మాగారము, నౌకాదళము, 1976 లో అవుటర్ హార్బరు, ఉక్కు కర్మాగారము వచ్చెను. ఉద్యోగములు అటు పోయెను, కాలనీలు అటు పోయెను. మన సంఘస్థులును ఎం.వి.పి. కాలనీకి, గాజువాకకు, మద్దిలపాలెమునకు తరలిరి. పాత మండువా ఇండ్లకు తాళములు పడెను. ఇది ఎవరి తప్పు కాదు. పిల్లల చదువు, కారు నిలుపుటకు చోటు, పోర్టు నుండి వచ్చు బొగ్గుపొడి, వీనిలో ఏది చిన్న కారణము? అయితే ఆదివారము ఆరాధనలో మా ఎదుట కూర్చుండువారిలో సగమునకు పైగా ఆ ఉదయము పది పన్నెండు కిలోమీటర్లు ప్రయాణము చేసి వచ్చినవారే. గుడి చుట్టునున్న ఇండ్లలోనివారు మనవారు కారు, లేదా మనవారని మనము ఎన్నడును అడుగలేదు.

ఈ పరిస్థితిలో పాతపట్టణపు ఆరాధనను కాలనీ సంఘములలో కలిపివేసి, స్థలమునకు మంచి వెల వచ్చునప్పుడే వేరొక మేలైన పనికి వినియోగింపవచ్చునని కొందరు పెద్దలు సదుద్దేశముతో చెప్పుచున్నారు. వారి లెక్క తప్పు కాదు. అయినను మేము దానికి సమ్మతింపలేము. లెక్కలో ఒక పద్దు విడువబడినది. రెండువందల ఇరువది సంవత్సరముల క్రితము మనము ఈ ఒడ్డున పరాయివారము. మనలను మోసికొని వచ్చినవారు, భాష నేర్పినవారు, ఇల్లు అద్దెకిచ్చినవారు, మన శవములకు దారి విడిచినవారు ఇంకను ఇక్కడనే యున్నారు. వారిలో ఎక్కువమంది మన మతమునకు రాలేదు, రావలెనని ఆ దినమున పందెము వేసికొని సాయము చేయలేదు. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను ఈ పట్టణమును చెరిపినప్పుడును, 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో నిప్పంటుకొని సుమారు 40 బోట్లు కాలిపోయినప్పుడును, దెబ్బ ముందుగా తగిలినది వారికే. ఒక్కొక్క బోటుమీద యజమాని ఒక్కడే కాదు, కలాసీలు, వలలు బాగుచేయువారు, చేపలు ఎండబెట్టి అమ్ముకొను స్త్రీలు, అప్పిచ్చినవారు, అందరు బ్రతుకుదురు. అట్టి రాత్రి తలుపు తట్టుటకు అక్కడ ఒక సంఘముండవలెను గాని, పది కిలోమీటర్ల దూరమునుండి సంతాప తీర్మానము పంపిన ఏమి ప్రయోజనము?

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు సముద్రములో మరబోట్ల వేట నిషేధము. ఆ దినములలో మగవారు ఇంటిపట్టున నుందురు, వలలు అల్లుకొందురు, మాటలాడుటకు తీరిక యుండును. ఈ వేసవిలో మన యువజనులు నోటుబుక్కులు పట్టుకొని చెంగలరావుపేట, కోటవీధి పరిసరములలోని వృద్ధులయొద్దకు, ముఖ్యముగా అవ్వలయొద్దకు పోవుటకు ఏర్పాటు చేసితిమి. తాతలలో, ముత్తాతలలో మసులా పడవ నడిపినవారెవరు, వారి పేర్లేమి, పడవ కుట్టినవారెవరు, రంగం పోయి తిరిగి రానివారెవరు అని అడిగి వ్రాసికొందురు. ఇంటి గోత్రములు వల్లించగల అవ్వలు నలుగురైదుగురు మాత్రమే మిగిలియున్నారని పేటవారు చెప్పుచున్నారు గనుక, పరీక్షలు ముగియగానే మొదటి వారములోనే వారియొద్దకు వెళ్ళవలెను. పేర్లు ఇచ్చుటకు ఇష్టపడినవారివి మాత్రమే వ్రాసి, ఒక ప్రతి వారి ఇంటనే యుంచి, మరియొక ప్రతి గుడి బీరువాలో బాప్తిస్మపు రిజిష్టర్ల ప్రక్కన పెట్టుదుము.